ఎడారిలో తిమింగలం, మంచులో ఒంటె: ఎముకలు దారి తప్పాయా, పటం మారిందా

ఈజిప్టులో కైరోకి నైరుతిగా 150 కిలోమీటర్లు వెళ్తే వాదీ అల్ హితాన్ అనే లోయ వస్తుంది. అరబ్బీలో ఆ పేరుకి అర్థమే తిమింగలాల లోయ. కనుచూపు మేర ఇసుక, గాలి కోసేసిన రాతి దిబ్బలు, ఎక్కడా చుక్క నీరు లేదు. ఆ ఇసుకలోంచి వెన్నుపూసలు ఒకదాని వెనక ఒకటి బయటికి కనిపిస్తుంటాయి, నరికి వరసగా పేర్చిన దుంగ ముక్కల్లాగా. పది పదిహేను మీటర్ల పొడవున అలా సాగి చివర్లో సన్నబడతాయి. అది తోక. ఆ జంతువు పేరు బాసిలోసారస్, సముద్రంలో బతికిన తిమింగలం. అక్కడ ఇలాంటివి ఒకటో రెండో కాదు, వందల్లో ఉన్నాయి.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా శీర్షిక మాత్రం ఒకటే ఉంటుంది, 'శాస్త్రవేత్తలకు షాక్' అని. చదివినవాళ్లలో కొందరు ప్రళయం వచ్చి ఉంటుందంటారు, కొందరు భూమి తిరగబడిందంటారు, మరికొందరు ఇదంతా కట్టుకథ అని కొట్టిపారేస్తారు. నిజానికి ఆ లోయలో తిమింగలాలు దొరికాయని భూగర్భ శాస్త్రవేత్తలెవరూ షాకవలేదు. అక్కడ దొరకాల్సినవే దొరికాయి. మనకి వింతగా అనిపించేది మన తలలో ఉన్న పటం ఇవాళ్టిది కావడం వల్ల. అయితే ప్రతి కేసూ ఇంత తేలిగ్గా తేలిపోదు. 'ఇక్కడ ఇదేంటి' అనిపించే శిలాజాల వెనక కనీసం ఐదారు వేర్వేరు కారణాలుంటాయి, వార్తలు వాటన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాయి కాబట్టే ఇంత గందరగోళం.

ముందు రెండు మాటలు: శిలాజం, దొరికిన చోటు

జంతువు చచ్చిపోతే మామూలుగా ఏమీ మిగలదు. నక్కలో పురుగులో తినేస్తాయి, మిగిలింది ఎండకీ వానకీ పొడైపోతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం ఆ కళేబరం మీద బురదో ఇసుకో త్వరగా కప్పేస్తుంది. ఆ మేట మీద ఇంకో మేట, దాని మీద మరొకటి పడి కింద ఉన్నది నొక్కుకుపోయి రాయవుతుంది. ఎముకలోని సన్నని రంధ్రాల్లోకి నీటితో పాటు ఖనిజాలు చేరి గట్టిపడతాయి. అదే శిలాజం. అడుగుజాడలు, గుడ్ల పెంకులు, పేడ ముద్దలు కూడా ఇలా మిగలొచ్చు, కానీ ఇక్కడ మన గొడవ ఎక్కువగా ఎముకలతోనే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. శిలాజం ఎప్పుడూ ఒంటరిగా దొరకదు, రాయితో పాటే దొరుకుతుంది, ఆ రాయి ఎక్కడ ఎలా ఏర్పడిందో రాయే చెబుతుంది. లోతు సముద్రంలో పడే మేట మెత్తగా ఉంటుంది, నది అడుగున పడేది గరుకుగా ఉంటుంది. అలలు తగిలిన ఇసుకలో ముడతలు పడతాయి, ఎండిన చెరువు బురదలో పగుళ్లుంటాయి. కాబట్టి 'దొరికిన చోటు' అంటే పటం మీద పెట్టిన చుక్క ఒక్కటే కాదు, ఆ ఎముకని పట్టుకుని ఉన్న పొర కూడా. వాదీ అల్ హితాన్‌లో తిమింగలాల పక్కనే సొరచేప పళ్లున్నాయి, మడ చెట్ల వేళ్లు రాయిగా మారి ఉన్నాయి. మడ చెట్లు పెరిగేది ఉప్పునీటి ఒడ్డున. అంటే ఆ ఎడారిని ఎడారి అంటున్నది మనమే, అక్కడి రాయి తనని తాను సముద్ర తీరం అనే చెప్పుకుంటోంది.

సముద్రమే లేచి వెళ్లిపోయిన చోట్లు

సుమారు 4 కోట్ల ఏళ్ల కింద ఇవాళ్టి మధ్యధరా సముద్రం కంటే చాలా పెద్దదైన టెథిస్ అనే సముద్రం ఉత్తర ఆఫ్రికా లోపలిదాకా పరుచుకుని ఉండేది. తర్వాత నేల కొద్దికొద్దిగా లేవడం, సముద్ర మట్టం తగ్గడం రెండూ కలిసి నీళ్లు వెనక్కిపోయాయి. అడుగున ఉన్న మేటలు బయటపడ్డాయి. ఆ తర్వాత వాటిని గాలి చెక్కింది. తిమింగలం ఎడారిలోకి రాలేదు, అది ఉన్నచోటే ఉంది, ఎడారే వచ్చి దాని మీద కూర్చుంది.

ఈ బాసిలోసారస్ మీద చెప్పుకోవాల్సిన సంగతి వేరే ఉంది. ఆ పేరుకి 'రాజు బల్లి' అని అర్థం. 1834లో అమెరికాలో దొరికిన ఎముకలు చూసి రిచర్డ్ హార్లన్ దాన్ని పెద్ద సరీసృపం అనుకుని ఆ పేరు పెట్టాడు. తర్వాత ఇంగ్లండ్‌లో రిచర్డ్ ఓవెన్ పళ్లు పరీక్షించి, ఇది బల్లి కాదయ్యా, పాలిచ్చే జంతువని తేల్చాడు. అయినా నియమాల ప్రకారం ముందు పెట్టిన పేరే నిలబడింది. ఇక ఈజిప్టు లోయలో ఫిలిప్ జింజరిచ్ బృందం 1989లో ఈ తిమింగలం వెనక కాళ్లు వెతికి పట్టుకుంది. పదహారు మీటర్ల జంతువుకి అడుగు కంటే కాస్త ఎక్కువ పొడవున్న కాళ్లు! తొడ ఎముక ఉంది, మోకాలి చిప్ప ఉంది, చిన్న చిన్న కాలి వేళ్లు కూడా ఉన్నాయి. నడవడానికి ఎందుకూ పనికిరావు. నేల మీద నడిచిన జంతువుల వంశం నీళ్లలోకి దిగాక మిగిలిపోయిన గుర్తులవి. ఎడారిలో తిమింగలం కన్నా ఇది నాకు పెద్ద వింత. యునెస్కో 2005లో ఆ లోయని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

చిలీలోని అటకామా ఎడారిలోనూ ఇలాంటిదే బయటపడింది. 2010లో హైవే వెడల్పు చేస్తుంటే తిమింగలాల అస్థిపంజరాలు ఒకదాని పక్కన ఒకటి కనిపించాయి, లెక్క నలభై దాటింది. రోడ్డు పని ఆపడానికి ఎక్కువ రోజులు లేవు, అందుకే నికొలస్ పయెన్సన్ బృందం వాటిని ఉన్నవి ఉన్నట్టు లేజర్‌తో స్కాన్ చేసి పెట్టుకుంది. ఇక్కడ సముద్రం ఎలా పోయిందన్నది పెద్ద ప్రశ్న కాదు, ఆ నేల పైకి లేచిందని తెలుసు. ప్రశ్నల్లా ఇన్ని తిమింగలాలు ఒక్కచోటే ఎందుకు చచ్చాయన్నది. సునామీ అనుకుందామంటే అస్థిపంజరాలు ఒక్క పొరలో లేవు, నాలుగు వేర్వేరు మట్టాల్లో ఉన్నాయి, అంటే అదే దుర్ఘటన వేల ఏళ్ల వ్యవధిలో నాలుగుసార్లు జరిగింది. చాలావరకు వెల్లకిలా, ఒకే దిక్కుకి ఉన్నాయి. సముద్రంలో చచ్చి తేలుతూ వచ్చి ఒడ్డున పడ్డట్టు. సముద్రంలో విషపు నాచు విపరీతంగా పెరిగినప్పుడు దాన్ని తిన్న చేపల ద్వారా తిమింగలాలు చావడం ఇప్పటికీ చూస్తున్నాం కాబట్టి, అదే కారణమై ఉండొచ్చని 2014లో ఆ బృందం రాసింది. కానీ ఆ విషం ఆనవాలు రాళ్లలో నేరుగా దొరకలేదు. ఆలోచన బాగుంది, ముద్ర పడలేదు అనుకోవాలి.

నేలే ప్రయాణం చేస్తే

పై రెండు కేసుల్లో నేల పైకి లేచింది, నీళ్లు తగ్గాయి. ఇప్పుడు ఖండాలు పక్కకి జరిగే సంగతి, అంటే భూఫలకాల కథ. బడిలో అందరం చదివినదే గానీ లెక్క వేసి చూస్తే తప్ప మనసుకి ఎక్కదు. దక్షిణ అమెరికా, ఆఫ్రికా దాదాపు 13 కోట్ల ఏళ్ల కింద విడిపోవడం మొదలైంది. ఏడాదికి 4 సెంటీమీటర్లు అనుకోండి, మన గోళ్లు పెరిగే వేగం కూడా ఇంచుమించు అంతే. వెయ్యేళ్లకి 40 మీటర్లు, అంటే ఏమీ కాదు. పది లక్షల ఏళ్లకి 40 కిలోమీటర్లు. 13 కోట్ల ఏళ్లకి 5,200 కిలోమీటర్లు. ఇవాళ అట్లాంటిక్‌కి అటూ ఇటూ ఉన్న ఆ రెండు తీరాల మధ్య దూరం ఈ అంకెకి దగ్గర్లోనే ఉంటుంది. గోరు పెరిగే వేగంతో ఒక మహాసముద్రం తయారైంది.

ఇప్పుడు మీసోసారస్ సంగతి. మీటరు పొడవుండే ఈత జంతువు, దాదాపు 28 కోట్ల ఏళ్ల కిందటిది. దీని శిలాజాలు బ్రెజిల్ వైపు ఉన్నాయి, దక్షిణ ఆఫ్రికా వైపు ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. 1912లో ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ ఖండాలు కదులుతాయని చెప్పినప్పుడు ఇలాంటి శిలాజాలే సాక్ష్యంగా చూపించాడు. చాలామంది ఒప్పుకోలేదు. వాళ్లేమీ మూర్ఖులు కాదు. ఖండాలని తోసే శక్తి ఏంటో వెగెనర్ చెప్పలేకపోయాడు, పైగా ఈదే జంతువు సముద్రం ఎందుకు దాటకూడదు అనే ప్రశ్న కూడా న్యాయమైనదే. దానికి బదులుగా వాళ్లు ఖండాల మధ్య ఒకప్పుడు నేల వంతెనలుండేవని, తర్వాత మునిగిపోయాయని అన్నారు.

ఆ వంతెన వాదం ఎందుకు నిలవలేదంటే, ఖండాలు తేలికపాటి రాయితో అయినవి, సముద్రపు అడుగు బరువైన రాయితో అయినది. తేలిక రాయితో కట్టిన వేల కిలోమీటర్ల వంతెన ఆనవాలు లేకుండా మునిగిపోవడమంటే బెండు నీళ్లలో మునిగిపోవడం లాంటిది. అన్ని వంతెనలూ తప్పని కాదు, సైబీరియాకీ అలాస్కాకీ మధ్య ఉన్న లోతు తక్కువ సముద్రం మంచుయుగాల్లో నిజంగానే నేలగా తేలేది, కానీ అక్కడ ఉన్నది ఖండపు రాయే. లోతైన అట్లాంటిక్ మీద ఆ లెక్క నడవదు.

ఈత జంతువు అనే అభ్యంతరానికి జవాబు లిస్ట్రోసారస్. ఇది 25 కోట్ల ఏళ్ల కిందటి జంతువు, పంది సైజు, పొట్టి కాళ్లు, ముందుకి పొడుచుకొచ్చిన రెండు కోరలు. చూస్తేనే తెలుస్తుంది, సముద్రాలు ఈదే బాపతు కాదు. దీని ఎముకలు దక్షిణ ఆఫ్రికాలో ఉన్నాయి, భారతదేశంలో ఉన్నాయి, చైనాలో ఉన్నాయి. 1969లో ఎడ్విన్ కోల్‌బర్ట్ బృందానికి అంటార్కిటికాలో, దక్షిణ ధ్రువానికి కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో కోల్‌సాక్ బ్లఫ్ అనే రాతి గుట్ట మీద దొరికాయి. అప్పటికే సముద్రపు అడుగు విచ్చుకుంటోందని వేరే ఆధారాలు వచ్చేశాయి కాబట్టి వాదన ఈ ఒక్క జంతువు వల్లే తేలిందనడం కొంచెం అతి అవుతుంది. కానీ ఇక ఎదురు మాట్లాడడం కష్టమైంది.

అంతకు చాలా ముందే అంటార్కిటికా ఒక సూచన ఇచ్చింది. 1912లో కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ తన మనుషులతో సహా చనిపోయాడు. ఆఖరి గుడారం దగ్గర వాళ్ల స్లెడ్జి మీద సుమారు 16 కిలోల రాళ్లున్నాయి. తిండి లేక, కాళ్లు ఈడ్చుకుంటూ, బరువు తగ్గించుకోవాల్సిన స్థితిలో కూడా వాళ్లు వదలని ఆ రాళ్లలో గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలున్నాయి. అదే చెట్టు భారతదేశపు బొగ్గు పొరల్లోనూ ఉంది.

ఎవరెస్టు శిఖరం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. దాని కొన సున్నపురాయి, అందులో 45 కోట్ల ఏళ్లు దాటిన సముద్ర జీవుల తునకలున్నాయి. ప్రళయ జలం అంత ఎత్తుకి లేచిందనడానికి దీన్నే సాక్ష్యంగా చూపిస్తుంటారు. నీళ్లు పైకి లేచి దిగిపోతే గవ్వలు రాళ్ల పైన పడి ఉండాలి. ఇక్కడ తునకలు రాయి లోపల ఉన్నాయి, రాయితో పాటే వంగాయి, దానితో పాటే మడత పడ్డాయి. సముద్రపు అడుగే రాయిగా మారి, సుమారు 5 కోట్ల ఏళ్ల కింద భారత ఖండం ఆసియాని గుద్దినప్పటి నుంచి నలిగి పైకి లేస్తూ వచ్చింది.

ఒక రాయి పుట్టినప్పుడు ఏ అక్షాంశంలో ఉందో ఎలా చెబుతారు

చాలామందికి ఇక్కడే అనుమానం. కోట్ల ఏళ్ల కిందటి చోటు ఎవరు చూశారని? ఎవరూ చూడలేదు గానీ రాయి రాసి పెట్టుకుంది. లావా చల్లబడేటప్పుడు, మేట పేరుకునేటప్పుడు అందులోని ఇనుప ఖనిజపు రేణువులు దిక్సూచి ముల్లులా భూ అయస్కాంత క్షేత్రానికి అనుగుణంగా సర్దుకుని అలాగే బిగుసుకుపోతాయి. ఆ క్షేత్రం భూమధ్యరేఖ దగ్గర నేలకి సమాంతరంగా ఉంటుంది, ధ్రువం దగ్గర నిట్టనిలువుగా గుచ్చుకుంటుంది. మధ్యలో వంపు క్రమంగా పెరుగుతుంది, దానికో సూత్రం ఉంది. రాతిలో వంపు 49 డిగ్రీలు వస్తే ఆ రాయి సుమారు 30 డిగ్రీల అక్షాంశంలో పుట్టినట్టు, 74 డిగ్రీలు వస్తే 60 దగ్గర పుట్టినట్టు. ఇందులోనూ తిరకాసులున్నాయి. రాయి తర్వాత ఎప్పుడైనా బాగా వేడెక్కితే పాత రాత చెరిగిపోతుంది, మేట నొక్కుకుపోతే వంపు తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే ఒక్క రాయిని నమ్మరు, పదుల సంఖ్యలో నమూనాలు తీసి, అవన్నీ ఒకే మాట చెబుతున్నాయా అని చూస్తారు.

చోటు అదే, వాతావరణం వేరు: ఎల్స్‌మియర్ దీవి ఒంటె

కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ దీవి ఉంది. చెట్టన్నది మొలవదు, ఏడాదిలో ఎక్కువ రోజులు గడ్డకట్టే ఉంటుంది. అక్కడ 2006 నుంచి 2010 దాకా మూడు విడతల్లో నటాలియా రిబ్‌చిన్‌స్కీ బృందం ఏరింది ఓ ముప్పై ఎముక ముక్కలు, అంతే. మొదటి ముక్క చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమె చెక్క ముక్క అనుకుంది, ఎందుకంటే అక్కడి మట్టిలో పాత చెట్ల ముక్కలు అంతగా ఉన్నాయి. అన్నీ అతికించి చూస్తే ఒకే మోకాలి కింది ఎముక తయారైంది. పెద్ద జంతువుదే, కానీ దేనిది?

ఆకారాన్ని బట్టి తేల్చడం కష్టం కాబట్టి ఎముకలో ఇంకా మిగిలి ఉన్న కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ని పరీక్షించారు. ప్రోటీన్‌ని ముక్కలు చేసి ఒక్కో ముక్క బరువు తూస్తే వచ్చే వరస జంతువు జంతువుకీ కాస్త తేడాగా ఉంటుంది, వేలిముద్రలాగా. వచ్చిన వరస ఒంటెకి సరిపోయింది. వయసు సుమారు 35 లక్షల ఏళ్లు, సైజు ఇప్పటి ఒంటె కంటే దాదాపు 30 శాతం పెద్దది. 2013లో ఈ సంగతి ప్రచురించారు.

ఖండాలు కదిలే వేగానికి 35 లక్షల ఏళ్లు చాలా తక్కువ, మహా అయితే వందో నూటయాభయ్యో కిలోమీటర్లు. అంటే ఆ దీవి అప్పుడూ దాదాపు అక్కడే ఉంది, నెలల తరబడి పొద్దు పొడవని చలికాలమూ అప్పుడూ ఉంది. మారింది ఉష్ణోగ్రత. అక్కడి సగటు ఇప్పటికంటే 14 నుంచి 22 డిగ్రీలు ఎక్కువని అంచనా, కాబట్టి మంచు పడినా అడవి పెరిగేది. ఇక ఒంటె అక్కడేం చేస్తోందన్నదానికి జవాబు ఇంకా తమాషాగా ఉంటుంది: ఒంటెల పుట్టిల్లే ఉత్తర అమెరికా. 4 కోట్ల ఏళ్లకు పైగా ఆ వంశం అక్కడే పెరిగి, సుమారు 70 లక్షల ఏళ్ల కింద కొన్ని ఆసియాలోకి దాటాయి, ఆ తర్వాత పుట్టింట్లో అన్నీ అంతరించాయి. ఎడారిలో ఉన్నదే వలస వచ్చిన ఒంటె.

ఇక్కడి నుంచి కొంతమంది ఇంకో అడుగు ముందుకేస్తారు. వెడల్పాటి పాదం ఇసుకలో ఎంత పనికొస్తుందో మంచులోనూ అంతే పనికొస్తుంది, మూపురంలోని కొవ్వు పొడుగాటి చలికాలం గడవడానికి ఉపయోగం, పెద్ద కళ్లు మసక వెలుతురుకి మంచివి, అంచేత ఒంటె లక్షణాలు చలి అడవిలోనే ఏర్పడి తర్వాత ఎడారికి కలిసొచ్చాయేమో అంటారు. వినడానికి భలే ఉంది. కానీ మూపురం కొవ్వు శిలాజంగా మిగలదు, దొరికింది ఒక్క కాలి ఎముక. ఒంటె అక్కడ ఉందనేది సాక్ష్యం, మూపురం అక్కడే మొలిచిందనేది ఊహ. రెండింటినీ ఒకే వాక్యంలో పెట్టి వార్త రాస్తే అదీ ఇదీ ఒకటే అన్నట్టు అయిపోతుంది.

లండన్ నడిబొడ్డున ట్రఫాల్గర్ స్క్వేర్ కింద 1950లలో పునాదులు తవ్వుతుంటే దొరికిన నీటిగుర్రాల ఎముకలు కూడా ఈ కోవలోవే. వయసు సుమారు 1,25,000 ఏళ్లు. రెండు మంచుయుగాల మధ్య వెచ్చని విరామంలో థేమ్స్ నదిలో నీటిగుర్రాలు, ఒడ్డున ఏనుగులు, సింహాలు తిరిగేవి.

నిజంగా బుర్ర బద్దలు కొట్టుకునే కేసు: చీకట్లో డైనోసార్లు

ఇంతవరకు చెప్పినవన్నీ పాత పటం పరిస్తే సర్దుకుపోయేవి. అలాస్కా ఉత్తర అంచున కాల్‌విల్ నది ఒడ్డులోని ప్రిన్స్ క్రీక్ పొరల్లో ఉన్న డైనోసార్లు అలా సర్దుకోవు. ఆ రాళ్ల వయసు సుమారు 7 కోట్ల ఏళ్లు. పాత పటం పరిస్తే ఆ చోటు ఇంకా ఉత్తరానికి పోతుంది, 80 నుంచి 85 డిగ్రీల అక్షాంశానికి. ఇప్పుడున్న చోటు కంటే ధ్రువానికి దగ్గర! వాతావరణం ఇప్పటంత దారుణం కాదు, ఏడాది సగటు 6 డిగ్రీల చుట్టుపక్కల ఉండేదని అంచనా. కానీ వాతావరణం ఎంత వెచ్చబడినా సూర్యుడు మాత్రం రాడు. చలికాలంలో దాదాపు నాలుగు నెలలు చీకటి, అప్పుడప్పుడు మంచు. ఆకులు రాలిపోయిన ఆ చీకట్లో ఆకులు తినే పెద్ద జంతువులు ఏం తిని బతికాయి?

ఒక వాదం ప్రకారం అవి అక్కడ చలికాలం ఉండనే లేదు. ఇప్పటి ధ్రువ జింకలు వేల కిలోమీటర్లు వలస పోతున్నట్టే ఇవీ ఎండాకాలం మేతకొచ్చి చలి మొదలవగానే దక్షిణానికి దిగిపోయేవి. పెద్ద కాళ్లున్న జంతువులు, మందలుగా తిరిగేవి, నమ్మడానికి ఇబ్బందేమీ లేదు. రెండో వాదం ప్రకారం అవి అక్కడే పుట్టి అక్కడే చచ్చాయి, చలికాలాన్ని ఎలాగోలా నెట్టుకొచ్చాయి.

రెండో వాదానికి బలం ఇచ్చింది చాలా చిన్న వస్తువు. పాట్రిక్ డ్రకెన్‌మిల్లర్ బృందం ఏళ్ల తరబడి నది ఒడ్డు మట్టిని బకెట్లకొద్దీ తెచ్చి, జల్లెళ్లలో కడిగి, మిగిలిన ఇసుకని మైక్రోస్కోపు కింద రేణువు రేణువుగా వెతికింది. గుండుసూది తలకాయంత పళ్లు దొరికాయి. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన లేదా ఇంకా రాని పిల్లల పళ్లవి, ఒక జాతివి కాదు, కనీసం ఏడు రకాలవి. 2021లో ఇది బయటికొచ్చింది. అంటే ఆ చీకటి దేశంలోనే గుడ్లు పెట్టేవి.

అయితే ఏంటి, గుడ్లు పెట్టి పిల్లలతో వెళ్లిపోవచ్చుగా? దీనికి నెలల లెక్క వేయాలి. కొన్ని డైనోసార్ల గుడ్లు పొదగడానికి మూడు నుంచి ఆరు నెలలు పట్టేదని, పిండం పళ్లలోని రోజువారీ గీతలు లెక్కపెట్టి 2017లో గ్రెగరీ ఎరిక్‌సన్ బృందం తేల్చింది. వసంతం రాగానే, ఏప్రిల్ మొదట్లో గుడ్లు పెట్టాయనుకుందాం. ఐదున్నర నెలలు వేస్తే సెప్టెంబరు మధ్యకి పిల్లలు బయటికొస్తాయి. అప్పటికి చలి మొదలవుతోంది, ఇంకొన్ని వారాల్లో చీకటి. పిల్లి కూనంత పిల్లని వెంటబెట్టుకుని వేల కిలోమీటర్లు నడవడానికి అక్కడ టైమ్ లేదు.

నాకు ఈ వాదం గట్టిదనే అనిపిస్తుంది. అయినా ఎక్కడ ఆగాలో చూడండి: పళ్లు నేరుగా చెప్పేది అక్కడ పిల్లలు పుట్టాయని, చలికాలం ఉండిపోయాయన్నది దాని మీద కట్టిన లెక్క. ఎముకలని పలచగా కోసి పెరుగుదల ఏడాది పొడవునా ఒకేలా సాగిందా, చలికాలంలో తగ్గిందా అని చూసిన పరిశోధనలు కూడా ఈ పక్కకే మొగ్గుతున్నాయి. మరో సూచన, లేకపోవడంలో ఉంది. అదే కాలపు దక్షిణాది పొరల్లో మామూలుగా కనబడే తాబేళ్లు, మొసళ్లు, బల్లులు ప్రిన్స్ క్రీక్‌లో లేవు. ఒంట్లో సొంత వేడి పుట్టించుకోలేని జంతువులే లేవంటే, ఉన్న డైనోసార్లకి ఆ శక్తి ఎంతోకొంత ఉండాలి కదా అన్నది తర్కం. అన్ని జాతులూ ఒకేలా బతికాయనుకోనక్కర్లేదు, కొన్ని ఉండిపోయి కొన్ని కొంత దూరం కదిలి ఉండొచ్చు.

శవం తేలుకుంటూ పోతే

2011లో కెనడాలోని ఆల్బెర్టాలో తారు ఇసుక గని తవ్వుతుంటే యంత్రానికి గట్టి బండ ఒకటి తగిలింది. ఆ పొర సముద్రపు మేట, అప్పటిదాకా అందులో సముద్ర సరీసృపాలే దొరికేవి. తీరా చూస్తే అది ఒంటినిండా కవచం ఉన్న నేల డైనోసార్, సుమారు 11 కోట్ల ఏళ్లది. ఈ వింతకి సముద్రం మారడం కారణం కాదు, ఖండం సంగతి అక్కర్లేదు, వాతావరణం ఊసే లేదు. ఆ జంతువు ఒడ్డునో నదిలోనో చచ్చి, పొట్ట ఉబ్బి, కొట్టుకుపోయి సముద్రంలో తేలింది, లోపలి గాలి పోయాక వెల్లకిలా మునిగి అడుగుకి తగిలింది. అడుగున మేటలో ఆ దెబ్బకి పడిన సొట్ట కూడా కనిపిస్తోంది. చుట్టూ ఖనిజాలు త్వరగా గట్టిపడి పెట్టెలా మూసేయడంతో చర్మం, పొలుసులు కూడా మిగిలాయి. కడుపులో చివరిసారి తిన్న మేత దొరికింది, ఎక్కువగా ఫెర్న్ ఆకులు. మార్క్ మిచెల్ అనే నిపుణుడు దాదాపు 7,000 గంటలు కూర్చుని రాయిని గోకి దాన్ని బయటికి తీశాడు, అందుకే ఆ జాతికి బోరియలోపెల్టా మార్క్‌మిచెల్లీ అని ఆయన పేరే పెట్టారు. ఇలా తేలి వచ్చిన శవాన్ని చూసి ఆ డైనోసార్ సముద్రంలో ఉండేదనుకుంటే తప్పు. శవం దొరికిన చోటు వేరు, బతికిన చోటు వేరు.

అసలు శిలాజమే కాకపోతే, అక్కడిది కాకపోతే

మధ్యప్రదేశ్‌లోని భీమ్‌బేట్కా గుహల్లో, పైకప్పు రాతి మీద ఆకులాంటి ముద్ర ఒకటి కనిపించింది. అది డికిన్సోనియా అని, భూమ్మీద తొలి జంతువుల్లో ఒకటని, 55 కోట్ల ఏళ్లదని 2021లో వార్త మార్మోగిపోయింది. చాలా పెద్ద విషయమే, ఎందుకంటే ఆ రాళ్ల వయసు 55 కోట్లా, వంద కోట్లా అని అప్పటికే తగువుంది, ఈ ఒక్క ముద్రతో తగువు తీరిపోయేది. జోసెఫ్ మీర్ట్ బృందం వెళ్లి చూసేసరికి ఆ ముద్ర రాతి మీద నుంచి ఊడి రాలుతోంది. కోట్ల ఏళ్లు ఆగింది రెండేళ్లలో ఊడిపోతుందా? దగ్గర్నుంచి చూస్తే గదులు గదులుగా మైనం. పాడుబడిన తేనెపట్టు! 2023లో ఈ సంగతి ప్రచురించారు, మొదట శిలాజం అన్న గ్రెగరీ రెటలాక్ కూడా పొరపాటు ఒప్పుకున్నాడు. ఈ రోజుల్లో అదే అరుదు. రాళ్ల వయసు తగువు మాత్రం మళ్లీ మొదటికొచ్చింది.

అది పొరపాటు. ఇంకొక రకం ఉంది. 1989లో జాన్ టాలెంట్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త, హిమాలయాల్లో దొరికాయంటూ ఒక పరిశోధకుడు ఏళ్ల తరబడి వ్యాసాల్లో చూపించిన శిలాజాల్లో కొన్ని అక్కడివి కావని, మొరాకోలో దుకాణాల్లో అమ్మే అమోనాయిడ్‌లతో (చుట్ట తిరిగిన గుల్లలున్న పాత సముద్ర జీవులు) సరిగ్గా సరిపోతున్నాయని 'నేచర్' పత్రికలో ఆరోపించాడు. దాంతో హిమాలయాల భూగర్భ చరిత్రలో ఆ వ్యాసాల మీద ఆధారపడిన భాగమంతా అనుమానంలో పడింది. 'ఇక్కడ ఇదేంటి' అన్న ప్రశ్నకి కొన్నిసార్లు జవాబు సూట్‌కేసు.

ఎవరూ వెతకని చోట్లు

మరి ఇన్నాళ్లూ ఎందుకు దొరకలేదన్న ప్రశ్న మిగిలింది. శిలాజాలు ఎక్కువ దొరికే దేశాలంటే ఎక్కువ జంతువులు బతికిన దేశాలని కాదు. రాయి బయటికి కనబడాలి, ఎడారిలో కనబడుతుంది, దట్టమైన అడవిలో కనబడదు. సరైన కాలపు మేట ఉండాలి. రోడ్డుండాలి, డబ్బుండాలి, ఎముక చూస్తే ఎముక అని పోల్చుకునే మనిషుండాలి. గనులు, హైవేలు, పునాదులు తవ్విన చోటే ఇన్ని కబుర్లు పుట్టడానికి కారణం అదే.

ఆ ఆఖరిది, పోల్చుకోవడం, అన్నిటికన్నా కష్టం. కాల్‌విల్ నది ఒడ్డున ఆ డైనోసార్ ఎముకలు మొదట దొరికింది 1961లో. ఒక చమురు కంపెనీ కోసం ఆ ప్రాంతపు పటం గీస్తున్న రాబర్ట్ లిస్కాంబ్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని ఏరి పంపించాడు. మరుసటి ఏడాదే కొండరాళ్లు విరిగిపడి ఆయన చనిపోయాడు. అంత ఉత్తరాన అంత పెద్ద ఎముకలంటే ఏ మంచుయుగం జంతువువో అయి ఉంటాయనుకున్నారు. అవి కంపెనీ గిడ్డంగిలో ఇరవై ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయాయి. 1980లలో ఎవరో వాటిని బయటికి తీసి, డైనోసార్ ఎముకలు తెలిసిన కళ్లతో చూశాక గానీ అవేంటో తెలియలేదు. ఇప్పుడా ఎముకల పొరకి లిస్కాంబ్ పేరే ఉంది.